ఎర్త్‌బౌండ్: పౌలా వచ్చేదాకా ఎలా నెగ్గుకొచ్చానంటే

ఎర్త్‌బౌండ్ ఆటలో అసలు గండం చివర్లో వచ్చే శత్రువు గీగాస్ కాదు. పౌలా అనే అమ్మాయి జట్టులో చేరేదాకా హీరో నెస్ ఒక్కడే నడవాల్సిన దారే గండం. 1994లో జపాన్‌లో మదర్ 2గా, మరుసటి ఏడు అమెరికాలో ఈ పేరుతో సూపర్ నింటెండోకి వచ్చిన ఆట ఇది. నేను స్విచ్ ఆన్‌లైన్‌లో పూర్తిచేశాను.

కొత్త ఆట మొదలుపెట్టగానే టెక్స్ట్ వేగం అడుగుతుంది. ఫాస్ట్ పెట్టండి. ఇక్కడ హెచ్‌పీ, అంటే ప్రాణం లెక్క, పాత స్కూటర్ల కిలోమీటర్ రీడింగ్‌లా ఒక్కో అంకే దొర్లుతుంది కాబట్టి, ఈ ఎంపికకు ప్రాణమంత విలువ. చావుదెబ్బ తగిలినా అంకె సున్నాకి చేరేదాకా నెస్ బతికే ఉంటాడు. ఈలోగా లైఫ్‌అప్ (ప్రాణం నింపే శక్తి) పడితే అంకె మళ్లీ పైకి తిరుగుతుంది. శత్రువు ముందే పడిపోతే ఉన్నచోటే ఆగిపోతుంది. మీరు మెనూ చూస్తూ ఆలోచిస్తున్నా మీటరు మాత్రం ఆగదు. అందుకే దెబ్బ పెద్దదని తెలియగానే బటన్ గబగబా నొక్కుతూ సందేశాలు దాటించాలి. చాలామంది ఇక చచ్చామనుకుని చేతులు వదిలేస్తారు, ఓడేది అక్కడే.

నెస్ సొంతూరు ఒనెట్‌లో మొదలుపెట్టినప్పటి నుంచీ డబ్బు నేరుగా చేతికి రాదు. గెలిచిన పోరాటాల సొమ్మును నాన్న ఏటీఎంలో వేస్తాడు. ఆట సేవ్ చేయాలన్నా ఆయనకే ఫోన్ చేయాలి. ఓడితే చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది, బ్యాంకులోది పోదు. కాబట్టి కావలసినంతే తీసుకోండి. సంచిలో 14 వస్తువులే పడతాయి. మిగిలినవి చెల్లెలు ట్రేసీకి ఫోన్ చేస్తే ఎస్కార్గో ఎక్స్‌ప్రెస్ అనే సామాన్ల సర్వీసు మనిషి వచ్చి, విడతకు 3 చొప్పున తీసుకెళ్తాడు. నెస్ పోరులో ఊరికే నిలబడిపోతుంటే ఇంటి బెంగ పట్టుకుందన్నమాట. అమ్మకు ఫోన్ చేస్తే పోతుంది. ఈ ఒక్క ఏర్పాటు కోసమే నాకు ఈ ఆటంటే ప్రాణం.

జెయింట్ స్టెప్ గుహకు 8వ లెవల్ దాటాకే వెళ్లాను. అక్కడి పెద్ద చీమ టైటానిక్ యాంట్, పీఎస్ఐ (మనోశక్తి) మ్యాగ్నెట్‌తో మన పీపీ, అంటే ఆ శక్తులు వాడితే ఖర్చయ్యే పాయింట్లు, లాగేసుకుంటుంది. లైఫ్‌అప్ మీదే ఆధారపడితే సగంలో ఖాళీ అవుతాం, అందుకే హాంబర్గర్లు దండిగా పెట్టుకోవాలి. పీపీ ఉండగానే మొదటి వంతుల్లో పెద్ద పీఎస్ఐ దాడి వాడేస్తే పక్కనున్న నల్ల చీమలకూ తగులుతుంది.

టూసన్ ఊరు దాటాక పీస్‌ఫుల్ రెస్ట్ వ్యాలీ అనే లోయ. దారికి అడ్డంగా ఇనుప పెన్సిల్ విగ్రహం ఉంటుంది. దాన్ని చెరిపే పెన్సిల్ ఇరేజర్ తయారుచేసేది ఆపిల్ కిడ్ అనే కుర్ర ఆవిష్కర్త. అతనికి తినడానికి ఏదైనా, ఆపైన 200 డాలర్లూ ఇవ్వాలి. ఆరెంజ్ కిడ్ అనే మరో ఆవిష్కర్త కూడా 200 డాలర్లే అడుగుతాడు గానీ, కథ ముందుకు సాగడానికి అతని యంత్రం పనికిరాదు.

ఈ లోయలోని టెరిటోరియల్ ఓక్ చెట్లే నన్ను ఎక్కువసార్లు పడగొట్టాయి. చచ్చేటప్పుడు భగ్గున పేలి, నిండు హెచ్‌పీని కూడా తుడిచేయగలవు. ఉపాయం ఒక్కటే: గుంపులో చెట్టును ఆఖరున కొట్టాలి. అది పేలడంతోటే పోరు ముగుస్తుంది, మీటరు దొర్లుతూ మధ్యలో ఆగిపోతుంది. ముందే చెట్టును కొడితే, మిగిలిన శత్రువుల వంతులు గడిచేలోగా అంకె సున్నాకి చేరుతుంది. చిన్న యూఎఫ్ఓలు జలుబు అంటిస్తాయి, దానికి మందు ఒకటైనా ఉంచుకోండి. శత్రువును మనం వెనకనుంచి తాకితే తెర మీద ఆకుపచ్చ సుడి వస్తుంది, మొదటి దెబ్బ మనదే. ఎర్రసుడి వస్తే వాళ్లది.

హ్యాపీ హ్యాపీ ఊళ్లో నేరుగా అక్కడి మతగురువు కార్పెయింటర్ దగ్గరికి పోవద్దు, అతని పిడుగుకు నిలవలేం. ముందు గుడిసెలో బందీగా ఉన్న పౌలాను కలిస్తే ఫ్రాంక్లిన్ బ్యాడ్జ్ ఇస్తుంది. దాన్ని తొడగక్కర్లేదు, నెస్ సంచిలో ఉంటే చాలు, పిడుగు తిరిగి అతని మీదే పడుతుంది. పొరపాటున ట్రేసీకి పంపేయకండి.

తర్వాత పౌలా చేరుతుంది, అదీ 1వ లెవల్‌తో. ఒక్క దెబ్బకే పడిపోతుంది. తిన్నగా కొత్త చోట్లకు తీసుకెళ్లకుండా, నెస్ సులువుగా గెలవగల శత్రువులతోనే కొన్ని లెవల్స్ ఎక్కించాను. టెడ్డీ బేర్ దగ్గరుంటే కొన్ని దెబ్బలు అది కాస్తుంది. ఆమె ఫైర్ (నిప్పు దాడి) ఒక వరుసలోని శత్రువులందరికీ ఒకేసారి తగలడం మొదలయ్యాక, నెస్ ఇక గంటకోసారి ఆస్పత్రి పాలవలేదు.