సమ్మర్ క్యాంపు సరే, తర్వాత?

ఈ ఎండాకాలం మావాణ్ణి జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఆటల సమ్మర్ కోచింగ్ క్యాంపులో చేర్పించాం. ఫీజు నామమాత్రమే. మొదట్లో పొద్దున్నే లేవమంటే మూతి ముడుచుకునేవాడు. పోనుపోను వాడే షూస్ వేసుకుని నన్ను లేపడం మొదలుపెట్టాడు. అడిగి మరీ అన్నం పెట్టించుకుంటున్నాడని వాళ్ళ అమ్మమ్మ సంబరం అంతా ఇంతా కాదు!

జూన్‌లో స్కూలు తెరిచారు, కథ మళ్ళీ మొదటికొచ్చింది. గ్రౌండ్ అంటే బస్సులు ఆగే సిమెంటు జాగా. పరీక్షలు దగ్గరపడితే పీఈటీ పీరియడ్ కాస్తా లెక్కల క్లాసు. విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009లోనే చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మావాడికి వారం మొత్తం కలిపినా అంత దక్కదు.

స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన. మా గేటు ఎదురుగానే చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి.

పిల్లలు లావైపోతున్నారని తల్లిదండ్రులకు క్లాసు పీకడం తేలిక. కాలనీ పార్కులో మాత్రం 'ఆటలు ఆడరాదు' అని బోర్డు! పెద్దల వాకింగ్‌కి ట్రాక్ ఉంది, పిల్లల బంతికి చోటు లేదు. క్యాంపును ఏడాది పొడవునా సాయంత్రాలు నడపమని, ఆ బోర్డు తీయించమని సోమవారం అధికారులు ఫిర్యాదులు వినే ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాం. కాలనీవాళ్ళు ఎవరైనా వస్తారా?