కొండపల్లి బొమ్మలతో 400 మైళ్ళు: మంచులో మా సంక్రాంతి ప్రయాణం

ఇది 2024 సంక్రాంతి సంగతి. చలికాలంలో పిల్లల్ని, బొమ్మల్ని వేసుకుని దూరం వెళ్ళే వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మేముండేది మిన్నియాపోలిస్ పక్కన, అక్కావాళ్ళు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో. ఆ ఏడు భోగి 14 ఆదివారం, సంక్రాంతి 15 సోమవారం వచ్చాయి, ఆ సోమవారమే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఇక్కడ పండగ రోజు బడికి ఆఫీసుకి సెలవు రావడం ఎంత అపురూపమో ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు కదా, అందుకని అక్టోబర్లోనే అక్క ఫోన్ చేసి "ఈసారి కొలువు మా ఇంట్లో, మీ బాబుకి మా చిన్నదానికి కలిపి భోగిపళ్ళు పోసేద్దాం, అమ్మ ఇచ్చిన బొమ్మలు నువ్వు తీసుకురా" అంది. సరే అన్నాను.

క్రిస్మస్ సెలవులకి పిల్లలు మంచులో ఆడదామని ఎంత ఎదురుచూశారో, తీరా చూస్తే ఆ డిసెంబర్లో మిన్నెసోటాలో చలే లేదు, క్రిస్మస్ రోజు వాన పడింది! మంచు మీద జారే స్లెడ్ బండి గరాజ్‌లోనే ఉండిపోయింది. ఇంట్లో ఏం తోచక గొడవ చేస్తున్నారని బొమ్మల పెట్టె కిందకి దింపాను. అమ్మ విజయవాడ నుంచి పంపిన కొండపల్లి బొమ్మలవి, దశావతారాలు, పెళ్ళికూతురి పల్లకి, అంబారీ ఏనుగు, తాడిచెట్టు మీద కల్లు గీసేవాడు. పాప ఒక్కొక్కటీ విప్పుతూ "అమ్మా, ఇతని చెయ్యి ఊడిపోయింది" అని కల్లుగీతవాణ్ణి నా చేతిలో పెట్టింది. చూస్తే భుజం దగ్గర అతుకు ఎండి పొడిలా రాలిపోయింది. ఏడు చలికాలాలుగా ఆ పెట్టె హీటర్ గాలి తగిలే చోటే పెట్టాను, తేమ అనేది లేక అతుకు బీటలు తీసిందన్నమాట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చిన్నప్పుడు మా కొలువులో పై మెట్టు మీద ఉండేది ఆ తాడిచెట్టే.

సూపర్ గ్లూ వేసేద్దాం అన్నారు మా ఆయన. అమ్మకి వీడియో కాల్ చేస్తే "వద్దే, దానికి చింతగింజల మక్కు పెట్టాలి" అంది. కొండపల్లిలో బొమ్మల్ని తెల్లపొణికి కర్రతో చేస్తారు, అది బెండులా తేలిగ్గా ఉంటుంది, చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, ఆ ముద్దనే మక్కు అంటారు. అమ్మ వాళ్ళ నాన్న తనని చిన్నప్పుడు కొండపల్లి తీసుకెళ్ళినప్పుడు అక్కడి వాళ్ళు చేస్తుంటే చూసిందట.

సరే మొదలుపెట్టాం. ఇండియన్ స్టోర్లో గింజలున్న చింతపండు దొరికింది, రెండు పాకెట్లు పిసికితే గుప్పెడు గింజలు వచ్చాయి. వాటిని మూకుట్లో బాగా వేయించి, చల్లారాక రోకలితో మెల్లగా కొడితే పైన ఎర్ర పొట్టు ఊడిపోయింది. లోపలి పప్పు రాత్రంతా నానబెట్టి మిక్సీ పట్టి, సన్న సెగ మీద కలుపుతూ ఉడికిస్తే జిగురు వచ్చింది, చెంచా ఎత్తితే తీగలా సాగుతూ. రంపపు పొట్టు కోసం పక్కింటి పెద్దాయన్ని అడిగాం, ఆయన గరాజ్‌లో చెక్కపని చేస్తుంటారు, ఎందుకని అడిగి బొమ్మ చూసి జల్లెడ పట్టిన మెత్తటి పొట్టు ఒక డబ్బాడు ఇచ్చారు. రెండూ కలిపి చపాతీ పిండిలా అయ్యాక భుజం దగ్గర పెట్టి, చెయ్యి ఆనించి, దారం చుట్టి రెండు రోజులు వదిలేశాం. పట్టేసింది! ఊపినా కదల్లేదు. రంగు మాత్రం వెయ్యలేదు, గోధుమరంగు గీత అలాగే ఉంది.

ఇక భోగి పిడకల దండ. ఇక్కడ దుకాణాల్లో పిడకలు దొరుకుతాయి కానీ పాపకి తనే చెయ్యాలని. కోడిగుడ్ల అట్టపెట్టెలు ముక్కలు చేసి వేడినీళ్ళలో నానేసి మిక్సీ పట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి, చిన్న చిన్న గారెల్లా తట్టి మధ్యలో చిల్లు పెట్టాం. హీటర్ జాలీ దగ్గర పరిస్తే రెండు రోజుల్లో గలగలలాడేలా ఎండిపోయాయి. బొమ్మ చెయ్యి ఊడగొట్టిన గాలే పిడకలు ఆరబెట్టింది. పాపకి 21, బాబుకి 11, నారతాడుకి గుచ్చి పెట్టాం.

శుక్రవారం 12న బడి అయ్యాక బయల్దేరదామనుకున్నాం. డిసెంబరంతా రాని చలికాలం సరిగ్గా అప్పుడే వచ్చి మీద పడింది. విస్కాన్సిన్, ఇల్లినాయ్ అంతా మంచు తుఫాను హెచ్చరిక, వెనకే ఎముకలు కొరికే చలి. అక్క ఫోన్ చేసి "రావద్దే, పిల్లలున్నారు" అంటుంది, నాకేమో మనసొప్పదు. చివరికి రాత్రి ఆగిపోయి శనివారం తెల్లారాక 511లో (రోడ్ల పరిస్థితి చెప్పే సర్వీసు) రోడ్డు చూసుకుని వెళ్దాం, బాగోకపోతే మానేద్దాం అని మాట అనుకున్నాం. ఆ రాత్రి ఆగడం మంచిదైంది, పొద్దున్న దారి పొడుగునా పక్క గుంతల్లో కార్లు లారీలు కనబడ్డాయి.

బొమ్మల్ని ఎలా సర్దానో చెప్తా. ఒక్కోదానికి బాబు పాత సాక్స్ తొడిగి, ఐస్ పెట్టుకునే కూలర్ డబ్బాలో పేర్చి, సందుల్లో టవళ్ళు కుక్కాను. పక్కింటావిడ వయొలిన్ వాయిస్తారు, ఆవిడ చెప్పిన కిటుకు ఇది, కూలర్ అయితే చలి ఒక్కసారిగా లోపలికి పోదు, చేరాక వెంటనే మూత తియ్యకుండా గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచాలి, లేకపోతే చల్లటి కర్ర మీద తేమ పట్టి రంగు పాడవుతుంది అన్నారు.

కారు పని మా ఆయనది. అద్దం కడిగే నీళ్ళు మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి కూడా గడ్డకట్టని రకం పోశారు, టైర్లలో గాలి పట్టారు (చలికి దానంతటదే తగ్గిపోతుంది), పెట్రోలు సగం కంటే కిందకి దిగనివ్వకూడదని ముందే అనుకున్నాం. దుప్పట్లు, పార, ఫ్లాస్కుల్లో పాలు, వేడినీళ్ళు, పెద్ద డబ్బాడు పులిహోర. పిల్లలకి లావు జాకెట్లు కార్ సీటులో వెయ్యకూడదు, బెల్టు వదులుగా ఉండిపోతుంది, అందుకని స్వెట్టర్ వేసి బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పాను.

విస్కాన్సిన్‌లో టోమా అనే ఊరి దాకా ఐ-94 హైవే బాగానే ఉంది. మాడిసన్ దగ్గరపడే కొద్దీ మొదలైంది అసలు కష్టం. మంచు పడట్లేదు, కానీ పొలాల్లో ఉన్న మంచుని గాలి లేపి రోడ్డుకి అడ్డంగా తోస్తోంది, తెల్లటి పొగ పాకుతున్నట్టు, కింద గీతలు కనబడవు. రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కానీ 15 ఫారెన్‌హీట్ కంటే కిందకి పోతే ఆ ఉప్పు సరిగా పనిచెయ్యదు, మాకప్పుడు సున్నాకి అటూ ఇటూగా ఉంది. ముందు లారీ చిమ్మిన ఉప్పునీళ్ళు అద్దం మీద పొరకట్టేసి, కడుగుదామంటే నాజిల్ గడ్డకట్టి నీళ్ళు రాలేదు. మా ఆయన తల పక్కకి వంచి కనిపించినంతలో చూసుకుంటూ 35 మైళ్ళ స్పీడులో నడుపుతున్నారు, నేను మాట్లాడలేదు, వెనక పిల్లలు కూడా ఎందుకో నిశ్శబ్దంగా అయిపోయారు. ఆ పది నిమిషాలూ "తిరిగిపోదామా" అని నోటిదాకా వచ్చింది. రెస్ట్ ఏరియా బోర్డు కనబడగానే ఆపేసి, ఫ్లాస్కులో మిగిలిన గోరువెచ్చటి నీళ్ళతో బట్ట తడిపి అద్దం తుడిచాం, నాజిల్ మీద కాసేపు చెయ్యి పెట్టుకుంటే కరిగింది. అక్కడే కార్లో కూర్చుని పులిహోర తిన్నాం. ఆ ముద్ద రుచి నాకింకా నోట్లో ఉంది.

తర్వాత మంచు తోసే బండి ఒకటి దొరికింది, దాన్ని దాటకుండా చాలా దూరం వదిలి వెనకే మెల్లగా వెళ్ళాం. ఆరు గంటల దారి తొమ్మిదిన్నర గంటలు పట్టింది. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, ముందు పిల్లల్ని తడిమి చూసి తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

కూలర్ తెరవలేదు, రాత్రంతా హాల్లో మూల పెట్టేశాం.

భోగి పొద్దున్న బయట సున్నాకి కింద. బావగారు పెరట్లో ఫైర్ పిట్‌లో కట్టెలు ముందే పేర్చి ఉంచారు. పిల్లలకి తలంట్లు మాత్రం మంట తర్వాతే, తడి తలతో బయటికి తెస్తామా మరి. పాప గ్లౌజు తీసేసి దండ మెళ్ళోంచి తీసి మంటలో వేసింది, అట్ట కదా, గుప్పున అంటుకుంది, బాబు తనది ఇవ్వనని ఏడుస్తుంటే బావగారు ఎత్తుకుని తన చేత్తోనే వేయించారు. పది నిమిషాలు ఉండి లోపలికి పరిగెత్తాం.

మధ్యాహ్నం కూలర్ తీసి అట్టపెట్టెల మీద అమ్మ చీర పరిచి అయిదు మెట్లు కట్టాం. సాయంత్రం భోగిపళ్ళకి రేగిపళ్ళు దొరకలేదు, క్రాన్‌బెర్రీలు, చెరుకు ముక్కలు, చేమంతి రేకులు, చిల్లర నాణేలు కలిపి పోశాం, దిష్టి తీసి హారతిచ్చాం. విజయవాడలో అప్పటికి తెల్లవారింది, అమ్మ వీడియోలో "ఆ తాడిచెట్టు దగ్గరగా పెట్టు" అంది. ఫోన్ భుజం దాకా తీసుకెళ్ళి ఆ గోధుమరంగు గీత చూపించాను. చాలాసేపు చూసి, "మక్కు ఇంకొంచెం నున్నగా నూరాలే, రాముడి విల్లు కూడా వదులైనట్టుంది, అదీ చూడు" అంది.

మక్కు ఇంకా అరడబ్బా ఫ్రిజ్‌లో ఉంది.