ఒసాకా, ముప్పై ఐదో అంతస్తు

నవంబరు, మంగళవారం రాత్రి

గది గడియారం పదిన్నర చూపిస్తోంది, ఒంటికి మాత్రం ఇంకా సాయంత్రం ఏడే. స్నానాల గదిలో టబ్బు కుళాయి తిప్పి వచ్చాను. జపాన్ టబ్బు లోతు ఎక్కువ, నిండడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. అంతసేపూ ఈ పేజీతో గడపాలి.

మూడున్నర గంటల తేడా చూడ్డానికి చిన్నదే. కానీ తూర్పుకి వస్తే రాత్రి నిద్ర రాదు, పొద్దున మెలకువ రాదు. ఇక్కడ ఏడింటికి టిఫిన్‌కి దిగడమంటే హైదరాబాదు లెక్కన తెల్లవారుజామున మూడున్నరకి కంచం ముందు కూర్చోవడమే. కర్టెన్లు రెండు పొరలుంటాయి. మందపాటి పొర తీసేసి, పల్చటిది మాత్రం వేసుకుని పడుకుంటే ఆరున్నరకల్లా వెలుతురు ముఖం మీద పడుతుంది. మొదటి రెండు రోజులూ అంతకంటే మంచి అలారం లేదు.

ఈరోజు ఊళ్లో తిరిగే పని పెట్టుకోలేదు. ఇన్ని వేల యెన్లు పోసిన గదిని పెట్టెలు దాచుకునే కొట్టులా వాడుకోవడం కంటే ఒక రోజు అందులోనే ఉండడం నయం.

ఆ వేల లెక్క ఒకసారి. గది అద్దె 70,000 యెన్లని చూపిస్తే కట్టేది అంత కాదు. ఈ తరగతి హోటళ్లలో సర్వీస్ చార్జి మామూలుగా 15 శాతం, అది కలిస్తే 80,500. దాని మీద వినియోగ పన్ను 10 శాతం, 88,550. ఆపైన ఒసాకా బస పన్ను. 2025 సెప్టెంబరు నుంచి, మనిషికి 20,000 యెన్లు, అంతకు మించిన అద్దె పడే గదులకి తలకు రాత్రికి 500. ఇద్దరికి వెరసి 89,550. కొన్ని సైట్లు మొదటి అంకె చూపిస్తాయి, కొన్ని చివరిది. రెండు సైట్లు పక్కపక్కన పెట్టుకుని "ఇక్కడ చవక" అనుకునేవాళ్లు చాలాసార్లు పన్ను ఉన్న అంకెని పన్ను లేని అంకెతో పోలుస్తుంటారు. టిప్పు మాత్రం ఇవ్వక్కర్లేదు. బల్ల మీద వదిలేసి వెళితే మరిచిపోయారనుకుని వెనకాలే పరుగెత్తుకొస్తారు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తలల లెక్క దగ్గర. ఇక్కడ చాలా హోటళ్లలో ధర గదిని బట్టే కాదు, మనుషుల సంఖ్యని బట్టి కూడా మారుతుంది. ఇద్దరికని బుక్ చేసి, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకొచ్చి, "ఒక ఎక్స్‌ట్రా బెడ్ వేయించండి" అంటే మన దగ్గర పది నిమిషాల్లో పరుపు వస్తుంది. ఇక్కడ రిసెప్షన్‌లో అమ్మాయి తల కొంచెం పక్కకి వంచి, గాలి లోపలికి పీల్చి, "ఛొత్తో..." అని ఆగిపోతుంది. ఆ మాటకి అర్థం 'కొంచెం' అనే. కానీ అలా సాగదీసి వదిలేస్తే కుదరదని అర్థం, ఇక బతిమాలి లాభం లేదు. ప్రతి గదికీ ఇంతమందే అని పరిమితి ఉంటుంది, అది మాటలతో కరగదు. తల్లిదండ్రుల మంచం మీదే పడుకునే చిన్నపిల్లలకి చాలాచోట్ల డబ్బు తీసుకోరు. దాన్ని 'సొయినే' అంటారు. ఉచితమే అయినా వయసుతో సహా బుకింగ్‌లో రాయాలి. రాస్తే గదిలోకి వెళ్లేసరికి చిన్న చెప్పులు, చిన్న బ్రష్షు, స్నానాల గదిలో ఎక్కడానికి చిన్న మెట్టు అన్నీ సిద్ధంగా ఉంటాయి.

ఇక్కడి లగ్జరీ అంతా ఈ తీరే. ముందు చెప్పినదానికి అడక్కుండానే అన్నీ అమరుస్తారు. చెప్పనిదానికి అడిగినా అమరదు. మన హోటళ్లది తిరగేసిన పద్ధతి. ముందు ఎంత చెప్పినా ఎవరికీ గుర్తుండదు, అక్కడికక్కడ మాత్రం ఎంతకైనా సర్దుతారు.

పేర్ల విషయం కూడా. వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. అందుకే రిసెప్షన్‌లో ముందు ఇంటిపేరుతో వెతుకుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉన్నవాళ్లది వెంటనే దొరకదు. బుకింగ్ నంబరు ఫోన్లో తెరిచి పట్టుకుంటే సరి. జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల దగ్గర పాస్‌పోర్టు కాపీ తీసుకోవడం అక్కడి మామూలు, కంగారు పడక్కర్లేదు.

కింద వీధిలో హోటల్ అంటూ కనిపించేది ఒక తలుపు, ఇద్దరు మనుషులు, లిఫ్టులు. ఇక్కడ పెద్ద ఊళ్లలో కొత్త హోటళ్లు చాలావరకు ఆఫీసు టవర్ల నెత్తి మీద ఉంటాయి. నకనోషిమాలో 2017లో తెరిచిన కాన్రాడ్‌కి లాబీ 40వ అంతస్తులో. టోక్యోలో అమన్ ఒతెమాచి టవర్ పై ఆరు అంతస్తుల్లో. కాబట్టి ఒక లిఫ్టులో లాబీ దాకా ఎక్కి, ఇంకో లిఫ్టులో గదికి దిగాలి. రెండో లిఫ్టులో కార్డు తాకించకుండా అంతస్తు నొక్కితే దీపం వెలగదు. లిఫ్టు చెడిందనుకుని అన్ని బటన్లూ నొక్కేవాళ్లు రోజుకి ఒకరైనా ఉంటారు. టాక్సీ చెప్పుకుంటే గది నుంచి వీధికి పది నిమిషాలు వేసుకోవాలి. చెకిన్ మూడింటికి. నవంబరులో ఐదింటి ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, కొండలూ సముద్రమూ కనిపించే గది కోసం ఎక్కువ కట్టినవాళ్లు మూడింటికే వచ్చేయాలి.

టిఫిన్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. జపాన్‌లో బఫేని 'బైకింగు' అంటారు. 1958లో టోక్యో ఇంపీరియల్ హోటల్ స్కాండినేవియా పద్ధతిలో ఇలాంటి భోజనం మొదలుపెట్టి 'వైకింగ్' అని పేరు పెట్టింది, అదే దేశమంతా నిలిచిపోయింది. పేరు వీరులదే గానీ, శాకాహారికి ఈ బల్ల దగ్గర యుద్ధమే. కనిపించే చేప గొడవ కాదు, కనిపించని చేపే గొడవ. 'దాషి' అనే పులుసునీరు వీళ్ల వంటకి ఆధారం, మనకి చింతపండు రసం లాగా. ఎండబెట్టి పొగపట్టించిన కత్సువో చేప తురుముని, కొంబు అనే సముద్రపు నాచుని వేడినీళ్లలో నానబెట్టి తీస్తారు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూపులో అదే. తియ్యగా చుట్టిన గుడ్డట్టులో అదే. ఉడికించిన ముల్లంగి, గుమ్మడి ముక్కల్లో అదే. సోబా అనే నూడుల్స్ ముంచుకునే నల్లటి రసంలోనూ అదే. చల్లటి టోఫు మీద గులాబీరంగు పొరలు గాలికి కదులుతుంటాయి చూడండి, అవి చేప తురుమే. నత్తో అనే పులిసిన సోయా గింజల డబ్బాలోని చిన్న సాసు ప్యాకెట్లో కూడా చాలావాటిలో చేప సారం ఉంటుంది, అది పక్కన పెట్టి ఉత్త సోయా సాసు కలుపుకోవాలి.

"వెజిటేరియన్" అంటే సరిపోదు. ముక్క తీసేసి అదే పులుసు పోసి తెచ్చి, మనస్ఫూర్తిగా మంచి చేశామనుకుంటారు. తిననివి పేరు పేరునా చెప్పాలి: నికు అంటే మాంసం, సకనా అంటే చేప, కత్సువో దాషి. గుడ్డూ పాలూ తింటే అదీ చెప్పాలి. బఫేకి అక్కడికక్కడ అడిగినా ఏది తినొచ్చో వేలు పెట్టి చూపిస్తారు. వరసగా వడ్డించే కాయిసేకి లాంటి రాత్రి భోజనానికైతే రెండు మూడు రోజుల ముందే రాసి పంపాలి. అప్పుడు ఉత్త కొంబు, ఎండు షీతాకే పుట్టగొడుగులతో వేరే దాషి కాస్తారు. బౌద్ధ మఠాల వంట 'షోజిన్ ర్యోరి' అలాగే చేస్తారు కాబట్టి వంటవాళ్లకి అది కొత్తేం కాదు. రాత్రి భోజనానికి కూర్చున్నాక చెబితే మాత్రం మళ్లీ ఆ "ఛొత్తో..."యే.

ఈ పొద్దున కుదిరిన కంచం ఇది. వేడి అన్నం, పక్కన చప్పటి పెరుగు, ఉప్పు, ఒక ఉమేబోషి. జపాన్ బియ్యం పొట్టిది, జిగురుది. పులిహోరకి పనికిరాదు గానీ దద్దోజనానికి దీన్ని మించింది లేదు, మెదపక్కర్లేకుండానే కలిసిపోతుంది. ఉమేబోషి ఉప్పులో ఊరి ఎండిన పుల్లటి పండు, ఒక్కటి చాలు, ఊరగాయ బెంగ సగం తీరుతుంది. ఉమేబోషిలోనూ కత్సువో కలిపిన రకం ఉంది, అడిగి తీసుకోవాలి. తాలింపు మాత్రం లేదు.

తాలింపు కోసం కుక్కర్ తెచ్చుకునేవాళ్లకో లెక్క. ఇక్కడ కరెంటు 100 వోల్టులు. వేడి చేసే సామానుకి వోల్టేజి సగమైతే శక్తి పావు వంతుకి పడిపోతుంది. మన 230 వోల్టుల 700 వాట్ల కుక్కర్ ఇక్కడ దాదాపు 130 వాట్లే ఇస్తుంది. బియ్యం నానుతాయి గానీ ఉడకవు. గదిలో వంట ఎలాగూ కూడదు, పొగ పసిగట్టే యంత్రం నెత్తి మీదే ఉంది. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకి ఇబ్బంది లేదు, వాటి మీద 100-240 అని ఉంటుంది. రెండు బల్లపరుపు పిన్నుల అడాప్టర్ ఒకటి చాలు.

మరుగుదొడ్డి చూసి మనవాళ్లు ప్రాణం లేచొచ్చిందంటారు, నిజమే. కాగితమొక్కటే కాదు, నీళ్లు ఉన్నాయి. టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ తెచ్చింది. బటన్ల పలక గోడకి ఉంటుంది. పిరుదుల బొమ్మ వెనక భాగానికి, స్త్రీ బొమ్మ ముందు భాగానికి, చతురస్రం ఆపడానికి. జోరు పెంచే తగ్గించే గుర్తులు పక్కనే, ముందు తగ్గించుకునే నొక్కాలి. చిక్కల్లా ఫ్లష్ దగ్గర. కొన్నింటికి బొమ్మ ఉండదు, రెండు అక్షరాలే. కాళ్లూ చేతులూ చాపి నిలబడ్డ మనిషిలా ఉన్నది 'దాయ్', పెద్ద ఫ్లష్. నిలువు గీతకి అటూ ఇటూ చెరో చుక్క రాలినట్టున్నది 'షో', చిన్నది. ఎర్రటి బటన్ విడిగా ఉంటే అది ఫ్లష్ కాదు, ఆపదలో పిలుపు. పెద్దవాళ్లకి ముందే చూపించి పెట్టకపోతే తలుపు బయట సిబ్బంది నిలబడతారు.

స్నానాల గది రెండు భాగాలు. టబ్బు, దాని పక్కనే నేల మీద ఒళ్లు తోముకునే చోటు. పొట్టి పీట, చిన్న బకెట్టు, చేతి షవరు. మన పాత ఇళ్లలో పీట మీద కూర్చుని చెంబుతో పోసుకున్నట్టే. సబ్బంతా అక్కడే కడుక్కుని, శుభ్రమైన ఒంటితో టబ్బులో దిగాలి. టబ్బు నానడానికే, అందులో సబ్బు కలపకూడదు. ఇళ్లలో అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. కుళాయికి రెండు మరలు. ఒకటి వేడికి, 40 దగ్గర ఆగిపోతుంది, పక్కనున్న చిన్న బొడిపె నొక్కి పట్టుకుంటేనే ఇంకా తిరుగుతుంది. పిల్లలు ఒళ్లు కాల్చుకోకుండా ఆ ఏర్పాటు. రెండోది నీళ్లు టబ్బుకా షవరుకా అని మార్చేది. చూసుకోకుండా తిప్పితే బట్టల మీదే షవరు పడుతుంది. 40, 41 డిగ్రీలు చాలు. 42లో పది నిమిషాలు దాటితే లేచేటప్పుడు తల తిరుగుతుంది, అంచు పట్టుకుని నెమ్మదిగా లేవాలి.

మంచం మీద మడిచి పెట్టిన యుకతా అనే పల్చటి అంగీ తొడుక్కునేటప్పుడు కుడి అంచు లోపల, ఎడమ అంచు పైన. తిరగేసి కడితే శవానికి కట్టినట్టు. వేడినీటి ఊటల ఊళ్లలో దాంతోనే వీధిలో తిరుగుతారు గానీ, ఇలాంటి నగరపు హోటల్లో అది గది దాటి రాకూడదు.

పెట్టె సంగతి సాయంత్రమే తేల్చుకున్నాను. టోక్యో-ఒసాకా బుల్లెట్ రైలు తొకైదో షింకన్‌సెన్‌లో పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి, ఆ సామానుకి చోటున్న సీటు ముందే తీసుకోవాలి. 2020 నుంచి ఆ నియమం. లేకపోతే రైల్లో 1,000 యెన్లు. అంతకంటే పెట్టెని చోటి నుంచి చోటికి చేర్చే తక్యూబిన్ పార్సెల్ సేవ మేలు. పిల్లని నోట కరుచుకున్న నల్లపిల్లి బొమ్మ ఆ సేవ నడిపే యమాతో కంపెనీది, 1976 నుంచి ఆ సేవ ఉంది. 160 కొలత పెట్టెకి బరువు 25 కిలోలు దాటకూడదు. హోటల్ వాళ్లే టేపుతో కొలిచి, ఫారం ఇచ్చి, బిల్లులో వేస్తారు. టోక్యోకి మర్నాడు చేరుతుంది, విమానాశ్రయానికైతే విమానానికి కనీసం ఒక రోజు ముందే చేరేలా పంపాలి. ఫారంలో జనం తప్పు చేసే గడి ఒక్కటే. అవతలి హోటల్ పేరు, ఫోన్ రాస్తారు, గది ఎవరి పేరున ఉందో, ఏ రోజు దిగుతున్నారో రాయరు. గది భర్త పేరున, పెట్టె భార్య పేరున ఉంటే రెండూ ఒకరివేనని అక్కడివాళ్లకి ఎలా తెలుస్తుంది? మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి.

మంచం పక్క గోడకి టార్చి ఉంది, పట్టు నుంచి లాగితే దానంతటదే వెలుగుతుంది. ఎత్తైన భవనాలకి భూకంపం వేరే రకం, అదురు కాదు, ఊపు. 2011 మార్చి 11న కేంద్రం 700 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్నా, ఇదే ఒసాకా రేవులోని 55 అంతస్తుల సకిషిమా భవనం దాదాపు పది నిమిషాలు ఊగింది. కింద నేల మీద తీవ్రత జపాన్ సొంత కొలతలో 3 మాత్రమే. అలా ఊగితే పరుగెత్తకూడదు, లిఫ్టు ఎక్కకూడదు. తల కాచుకుని, కిటికీకి దూరంగా జరిగి, తలుపు తెరిచి పెట్టాలి. చెప్పులు మంచం పక్కనే పెట్టుకుంటే చీకట్లో గాజుపెంకుల భయం ఉండదు.

కుళాయి చప్పుడు మారింది. పలచగా మోగేది ఇప్పుడు బరువుగా ఉంది, అంటే అంచు దాకా వచ్చింది. పొర్లినా పక్కన నేల మీది తూములోకే పోతుంది గానీ, ఆపాలి.