ప్లాంటెడ్ ట్యాంక్‌లో నల్ల పాచి ఎలా వదిలిందంటే – నా అనుభవం

మొత్తానికి మా మూడడుగుల ప్లాంటెడ్ ట్యాంక్‌లో, అంటే నిజం మొక్కలు పెంచే చేపల తొట్టిలో, బ్లాక్ బియర్డ్ ఆల్గే అనే నల్ల పాచి పోయింది. ఆ ఊపులోనే రాసేస్తున్నా, లేకపోతే బద్ధకించి ఎప్పటికీ రాయను. మాది విజయవాడ, ఎండాకాలం కరెంటు సంగతి ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఈ కథలో దానికీ పాత్ర ఉంది.

తేలిగ్గా పోయేవాటి గురించి ఒక్క ముక్క. కొత్త ట్యాంక్‌లో గోధుమరంగులో దుమ్ములా పట్టేది డయాటమ్స్, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, కంగారుపడి మందులు పోయకండి. అద్దం మీద పచ్చ చుక్కలు పాత ఏటీఎం కార్డుతో గీకితే వచ్చేస్తాయి. నీళ్ళే పచ్చగా మారితే లైటు ఆపి మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పేయండి, అంతే.

అసలు బాధ నల్ల పాచితోనే. అనుబియాస్ మొక్క ఆకుల అంచులకి, ట్యాంక్‌లో పెట్టిన డ్రిఫ్ట్‌వుడ్ కొయ్యకి, ఫిల్టర్ పైపు మూతికి చిన్న చిన్న కుచ్చుల్లా పట్టింది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో కుచ్చు అర సెంటీమీటరు కూడా ఉండదు, నీటి తోపుకి మెత్తగా ఊగుతుంటుంది, వేళ్ళతో పట్టి లాగితే ఆకు చిరుగుతుంది గానీ అది మాత్రం ఊడదు. లైటు ఎనిమిది గంటల నుంచి ఆరుకి తగ్గించాను, వారం వారం సగం నీళ్ళు మార్చాను, పట్టిన ఆకులు కత్తిరించాను, మళ్ళీ కొత్త ఆకుకి పట్టింది. మొక్కలకి గ్యాస్ ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంది, రెగ్యులేటర్ ఉంది, కరెంటుతో గ్యాస్‌ని తెరిచి మూసే సోలెనాయిడ్ ఉంది, పుస్తకంలో చెప్పినవన్నీ ఉన్నాయి, అయినా ఎందుకొస్తోందో అంతు చిక్కలేదు.

ఒక ఆకు కవర్లో వేసుకుని, ట్యాంక్ సెట్ చేసిన షాపుకే వెళ్ళాను. గోల్డ్‌ఫిష్ కొనడానికొచ్చిన పిల్లలు, వాళ్ళ నాన్న ఉన్నారు అక్కడ. ఓనర్ ఆకు చేతిలోకి కూడా తీసుకోలేదు. "మేత ఎక్కువేస్తున్నారు సార్" అన్నాడు. లేదన్నా, రోజుకి ఒక్కసారి, చిటికెడే వేస్తున్నా అన్నాను. "ఆఫీసులకెళ్ళే వాళ్ళకి ఈ మొక్కల ట్యాంకులు కుదరవు సార్, ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకోండి, మీకూ హాయి, మాకూ హాయి" అని అందరికీ వినపడేలా నవ్వాడు. ఆ పిల్లల నాన్న కూడా నవ్వాడు. వేల రూపాయలు పోసి వాడి దగ్గరే కొన్నవాణ్ణి, తల కొట్టేసినట్టయింది. పైగా యాంటీ ఆల్గే అని ఒక సీసా చేతిలో పెట్టాడు, దాని మీద లోపల ఏముందో ఒక్క అక్షరం లేదు. ఇలాంటి మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, రాగి పడితే రొయ్యలు చచ్చిపోతాయి, నా ట్యాంక్ నిండా చెర్రీ ష్రింప్ ఉన్నాయి. సీసా అక్కడే పెట్టేసి వచ్చాను.

అంతకుముందు ఇదే షాపులో సియామీస్ ఆల్గే ఈటర్ అని అమ్మినవి చైనీస్ ఆల్గే ఈటర్లు. ఇది తెలుసుకోండి: అసలైన సియామీస్‌కి నల్ల చార తోక చివరిదాకా వెళ్తుంది, నల్ల పాచిని తినే చేపలు తక్కువ, అందులో ఇదొకటి. చైనీస్‌ది మూతి కింద అంటుకునే నోరు, పెద్దదయ్యాక పాచి మానేసి పక్క చేపల ఒంటి జిగురు పీకడం మొదలెడుతుంది. తెలిసి అమ్మినా తెలియక అమ్మినా తప్పే, ప్రాణమున్నదాన్ని అమ్మేవాడికి అదేంటో తెలిసుండాలి.

ఇక దొంగని పట్టించింది మా అమ్మ. రాత్రి సీరియల్ చూస్తూ, "ఒరే, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుంటున్నాయేంట్రా, నిన్న కూడా ఇంతే" అంది. అప్పటికి పది దాటింది. నా లెక్క ప్రకారం గ్యాస్ మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి ఎనిమిదికి ఆగాలి, లైటు మూడింటి నుంచి తొమ్మిది దాకా. వంగి చూస్తే, గ్యాస్ వెళ్తోందో లేదో చూపించే బబుల్ కౌంటర్‌లో బుడగలు ఇంకా వెళ్తూనే ఉన్నాయి! మొక్కలు చీకటి పడ్డాక గ్యాస్ పీల్చవు, అది నీళ్ళలోనే పేరుకుపోతుంది, అందుకే చేపలకి ఊపిరాడలేదు. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం ట్యాంక్ ముందే కూర్చున్నా. మూడయింది, లైటు వెలిగింది, నీళ్ళలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపించే డ్రాప్ చెకర్ ముదురు నీలం, అంటే నీళ్ళలో గ్యాస్ లేదు. సరిపడా ఉంటే అది లేత పచ్చగా ఉండాలి, సుమారు 30 పీపీఎం, అంటే లీటరుకి 30 మిల్లీగ్రాములు. నాలుగున్నర దాటాక గానీ సోలెనాయిడ్ టక్కుమనలేదు.

సంగతేంటంటే, షాపు నుంచి ఫిటింగ్‌కి వచ్చిన కుర్రాడు లైటుని డిజిటల్ టైమర్‌తో ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టాడు, గ్యాస్‌ని మాత్రం పిన్నులు నొక్కే గుండ్రటి టైమర్‌తో ఫ్రిజ్ ప్లగ్గు పక్కన పెట్టాడు, దానికి ఇన్వర్టర్ లేదు. కరెంటు పోయినప్పుడల్లా ఆ చక్రం ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. ఇవాళ పావుగంట, రేపు అరగంట, అలా వెనకబడుతూ రెండు గంటలు దాటేసింది. కరెంటు లేనంతసేపు లైటు వెలుగుతూనే ఉంటుంది, గ్యాస్ మాత్రం బంద్. నల్ల పాచికి కావాల్సింది సరిగ్గా ఇదే, గ్యాస్ ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అవుతుంటే మొక్క నీరసిస్తుంది, పాచి పట్టేస్తుంది. ఫిటింగ్ ఛార్జీ తీసుకుని ఈ పని చేసి, తప్పు నా మేతదా?

గ్యాస్‌ని కూడా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చి, రెండింటికీ బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమర్లు పెట్టాను. లైటుకి గంటన్నర ముందు గ్యాస్, లైటు ఆరడానికి గంట ముందు బంద్. అప్పటినుంచి కొత్త ఆకుకి ఒక్క కుచ్చు పట్టలేదు.

పాతదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికేది ఎక్కువగా 20 వాల్యూమ్, అంటే 6 శాతం, విదేశీ వీడియోల్లో చెప్పే కొలతలు 3 శాతానివి, కాబట్టి సమానంగా నీళ్ళు కలపాలి, ఇది ఎవరూ చెప్పరు. ఫిల్టర్ ఆపి, సిరంజితో కుచ్చుల మీదే మెల్లగా వదిలాను, సన్న బుడగలు లేస్తాయి, పది నిమిషాలాగి ఫిల్టర్ ఆన్. పది లీటర్లకి రెండు మిల్లీలీటర్లు దాటలేదు, రోజు మార్చి రోజు ఒక్కో మూల. రెండు మూడు రోజులకి నలుపు కాస్తా గులాబీరంగుకి తిరిగింది, ఎందుకంటే అది నిజానికి రెడ్ ఆల్గే జాతి, చచ్చేటప్పుడు అసలు రంగు బయటపడుతుంది. తర్వాత తెల్లబడింది, రొయ్యలొచ్చి తినేశాయి.

చేపలు రాత్రి పైకొస్తుంటే మాత్రం ముందు టైమరే చూడండి, మందు కొనకండి. ఇప్పుడు రోటాలా మొక్క ఎర్రగా నీటి పైదాకా వచ్చేసింది, ఇంత ఎరుపు ఆ షాపు డిస్‌ప్లే ట్యాంక్‌లో కూడా లేదు, ధైర్యంగా చెప్తున్నా. కత్తిరించిన కొమ్మలు చాలా ఉన్నాయి, బెజవాడ చుట్టుపక్కల వాళ్ళెవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. అనుబియాస్ మాత్రం అడగొద్దు, ఇప్పుడిప్పుడే శుభ్రమైన ఆకులేస్తోంది.