కొవ్వొత్తుల లెక్క

ఈరోజు పొద్దుగూకేదాకా చేసిన పనేంటో ఎవరైనా అడిగితే చెప్పడానికి కొంచెం మొహమాటమే. పాత దీపాల పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకున్న అంకెలన్నిటినీ క్యాండెలాల్లోకి, అంటే వెలుగు తీవ్రతకు ఇప్పుడు వాడే యూనిట్‌లోకి, మార్చడం. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో పాత అంకె, పక్కన గుణకం, ఆ పక్కన జవాబు. లెక్కగా చూస్తే అంతకుమించి ఏమీ లేదు. చిక్కంతా గుణకం దగ్గరే. ఈ పాత కొలమానాల్లో చాలావరకు ఒక్కోటీ ఒక్కో నిప్పు. ఎవరో వెలిగించి, ఒత్తి సరిచేసి, గాలి తగలకుండా చూసుకుంటేనే ఆ యూనిట్ ఉన్నట్టు.

ఇంగ్లండ్‌ది తిమింగలం మైనంతో చేసిన కొవ్వొత్తి. గ్యాస్ దీపాలు తగినంత వెలుగు ఇస్తున్నాయా లేదా తేల్చడానికి 1860 నాటి చట్టంలో పెట్టారు. పౌనుకు ఆరు తూగాలి, గంటకు 120 గ్రెయిన్లు, అంటే 8 గ్రాముల లోపు, కాలాలి. ఫ్రాన్స్ వాళ్లది కార్సెల్ దీపం. గడియారంలాంటి యంత్రం నూనెను పైకి తోడుతుంది, గంటకు 42 గ్రాముల కోల్జా (ఆవజాతి గింజల) నూనె కాలాలి. అదొక్కటే దాదాపు పది కొవ్వొత్తుల పెట్టు.

నాకు బాగా నచ్చింది జర్మన్ల హెఫ్నర్ దీపం, 1884 నాటిది. చిమ్నీ లేదు. 8 మిల్లీమీటర్ల ఒత్తి గొట్టం, సరిగ్గా 40 మిల్లీమీటర్ల మంట. ఇంధనం అమైల్ అసిటేట్, అరటిపండు వాసన వచ్చే ద్రవం. మంట ఒక్క మిల్లీమీటరు ఎత్తు తగ్గితే వెలుగు మూడు శాతం దాకా పడిపోతుంది. గదిలో తేమ పెరిగినా తగ్గుతుంది. అలాంటి దీపంతో కొలిచిన అంకెల్ని మూడు దశాంశ స్థానాల దాకా మార్చి చూపించే వెబ్‌సైట్లను చూస్తే నవ్వొస్తుంది.

ఆ హెఫ్నర్ దగ్గరే మధ్యాహ్నమంతా గడిచింది. 1909లో ఇంగ్లండ్, ఫ్రాన్స్, అమెరికా కలిసి ‘అంతర్జాతీయ కొవ్వొత్తి’ అని ఒకటి ఒప్పుకున్నాయి. దాన్ని నిలబెట్టింది మంట కాదు, కార్బన్ ఫిలమెంట్ బల్బులు. జర్మనీ మాత్రం తన దీపం వదల్లేదు. హెఫ్నర్ అంటే అంతర్జాతీయ కొవ్వొత్తిలో 0.9 వంతు అని లెక్క కట్టుకున్నారు. అంతర్జాతీయ కొవ్వొత్తి 1.02 క్యాండెలా. రెండూ గుణిస్తే హెఫ్నర్ 0.918 రావాలి. నేరుగా ఇచ్చిన పట్టికల్లో 0.903 ఉంటుంది. రెండు దారుల్లో వెళ్తే రెండు జవాబులు! కొంత 0.9 అని ఉజ్జాయింపుగా పట్టుకోవడం వల్ల. అసలు సంగతి మాత్రం రంగు, పోల్చే రెండు దీపాల వెలుగు ఒకే రంగులో లేకపోవడం.

దాన్ని కళ్లతో చూద్దామని తెల్లకాగితం మీద నూనె చుక్క వేసి, కొవ్వొత్తికీ ఎల్‌ఈడీ బల్బుకీ మధ్య పట్టుకున్నాను. బున్సెన్ పద్ధతి ఇది. రెండు వైపులా వెలుగు సమానమైన చోట మరక కనిపించకుండా పోవాలి, అప్పుడు దూరాల వర్గాల నిష్పత్తే తీవ్రతల నిష్పత్తి. రెండు కొవ్వొత్తులైతే నిజంగానే పోతుంది. ఎల్‌ఈడీతో పోలేదు. కొవ్వొత్తి వైపు నుంచి చూస్తే కాగితం పసుపు, మరక నీలం. ఎంత జరిపినా ఏదో ఒక రంగు మిగిలే ఉంది. పాతకాలం వాళ్లు ఇక్కడే కంటితో ‘ఇక చాలు’ అనుకుని స్కేలు చదివి ఉంటారు. అందుకే 0.903 అనేది కరిగిన ప్లాటినం రంగున్న వెలుగుకే. అంతకంటే తెల్లటి టంగ్‌స్టన్ బల్బును హెఫ్నర్లలో కొలిచి ఉంటే గుణకం ఇంకా తగ్గుతుంది.

ప్లాటినం అంటే గుర్తొచ్చింది, వియోల్ అనే యూనిట్ ఉంది. కరుగుతున్న ప్లాటినం ఒక చదరపు సెంటీమీటరు ఇచ్చే వెలుగు, 1881లో జూల్ వియోల్ ప్రతిపాదించాడు. 20.17 క్యాండెలాలు. 1948లో ఖాయమైన క్యాండెలా కూడా ప్లాటినం నుంచే వచ్చింది, కానీ అక్కడ అదే చదరపు సెంటీమీటరుకు 60. అదే లోహం, అదే వేడి, మూడింతల తేడా! మొదట అచ్చుతప్పేమో అనిపిస్తుంది. కాదు. వియోల్ చూసింది లోహపు పైభాగాన్ని. అది మెరుస్తుంది, మెరిసేది తక్కువ వెలుగు వెదజల్లుతుంది. తర్వాతి వాళ్లు ప్లాటినంలో ముంచిన సన్న గొట్టం లోపలికి చూశారు. ఆ రంధ్రం నల్లవస్తువులా (తన మీద పడ్డ వెలుగునంతా పీల్చుకునే వస్తువులా) పనిచేస్తుంది, ఆ వేడికి రావాల్సిన వెలుగంతా వస్తుంది. ఈ పట్టికంతటిలో నాకు ముచ్చటేసిన వరుస ఇదే. 1979లో ప్లాటినాన్ని కూడా తీసేసి పౌనఃపున్యం, వాట్లతో నిర్వచించారు. సౌకర్యమే, కథ మాత్రం లేదు.

షీట్‌లో ఇప్పుడు ‘ఏది వెలిగించారు’, ‘ఏ దీపాన్ని కొలిచారు’ అని ఇంకో రెండు కాలమ్‌లు కలిపాను. జవాబుల్లో ఒక్క దశాంశ స్థానమే ఉంచాను. ఒక వరుసలో ‘12 కొవ్వొత్తులు’ అని ఉంది, దేశం లేదు, ఏడాది లేదు. 1909 ఒప్పందం నాటిదైతే 12.2 క్యాండెలాలు, హెఫ్నర్ అయితే 10.8 దరిదాపుల్లో. ఆ గడి ఖాళీగా వదిలేశాను. రేపు ఆ పుస్తకం ముందుమాట తిరగెయ్యాలి, దీపం పేరు అక్కడ దొరకొచ్చు.