ఏటీవీ చక్రాల ఎడం: వెనక ఒక్కటే పెంచితే మలుపు చెడుతుంది

బండి ఏటీవీ, అంటే హ్యాండిల్‌తో తిప్పే, ఎగుడుదిగుడు నేలలో నడిచే నాలుగు చక్రాల బండి. 250 సీసీ, చైన్ డ్రైవ్, వెనక ఒకే యాక్సిల్, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. బరువు 190 కిలోలు. తిరిగేది అనంతపురం చుట్టుపక్కల ఎర్ర గరుసు నేలలో, గుట్టల వాలుల్లో, ఎండిన వంకల్లో. రోడ్డు మీదికి వెళ్లదు. వాలుకు అడ్డంగా నడిపితే కిందివైపు ఒరుగుతోంది. గెనిమ దాటిన వెంటనే తిప్పితే లోపలివైపు చక్రాలు తేలుతున్నాయి. అందుకే ఎడమ, కుడి చక్రాల మధ్య ఎడం పెంచి చూశాం.

మొదటి రోజు: కొలతలు

కడప బండలు పరిచిన షెడ్డులో, లెవెల్ చూసుకుని బండిని నిలిపాం. హ్యాండిల్ నిటారుగా పెట్టి, ప్రతి టైరుకూ సరిగ్గా మధ్యలో సుద్దతో గీత గీశాం. గీత నుంచి గీతకు ఉన్న దూరమే ఎడం: ముందు చక్రాలకు 860 మి.మీ., వెనక చక్రాలకు 820 మి.మీ.

కొలిచే ముందే గాలి సరిచేయాలి. ఈ టైర్లకు 4 నుంచి 5 పీఎస్ఐ చాలు. పెట్రోలు బంకులోని గేజికి అంత తక్కువ గాలి సరిగ్గా అందదు, తక్కువ ప్రెషర్ గేజి విడిగా ఉండాలి. వెనక టైర్లను జాకీ మీద లేపి చుట్టూ టేపు వేస్తే ఎడమది 1,590 మి.మీ., కుడిది 1,574 మి.మీ. వచ్చింది. రెండు చక్రాలూ ఒకే యాక్సిల్ మీద ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, చుట్టుకొలత చిన్నదైన వైపుకు బండి లాగుతుంది. కుడి టైరులో అర పీఎస్ఐ పెంచితే తేడా 5 మి.మీ.కి దిగింది. ఇది సరిచేయకుండా స్పేసర్ల (చక్రాన్ని బయటికి జరపడానికి హబ్బుకూ రిమ్ముకూ మధ్య బిగించే లోహపు బిళ్లల) జోలికి వెళ్తే, ఆ లాగుడు దేనివల్లో తేల్చుకోలేం.

రెండో రోజు: వెనక మాత్రం

ట్రాక్టరు వెనక రిమ్ములు తిప్పి బిగించి సాళ్లకు తగ్గట్టు ఎడం మార్చుకోవడం మన రైతులకు కొత్త కాదు. ఏటీవీ రిమ్మునూ అలా తిప్పవచ్చు. 8 అంగుళాల రిమ్ములో బోల్టు ముఖం ఒక అంచుకు 3, మరో అంచుకు 5 అంగుళాల్లో ఉంటే, తిప్పినప్పుడు ఒక్కో వైపు 50 మి.మీ. బయటికి వస్తుంది. అయితే వాల్వు లోపలివైపుకు పోతుంది. గాలి పట్టడం కష్టం, బ్రేకుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. టైరు గాడులకు తిరిగే దిశ ఉంటే ఎడమ కుడి చక్రాలు కూడా మార్చుకోవాలి. అందుకే స్పేసర్లే ఎంచుకున్నాం.

వెనక ఒక్కో వైపు 38 మి.మీ. స్పేసరు వేస్తే ఎడం 896 అయింది. వాలు మీద బండి కుదురుగా నిలిచింది, కానీ మలుపు చెడిపోయింది. హ్యాండిల్ తిప్పినా గరుసు మీద ముందు చక్రాలు జారుకుంటూ నేరుగానే పోతున్నాయి. ఒకే యాక్సిల్ ఉన్న బండి తిరగాలంటే లోపలి వెనక చక్రం కాస్త తేలికపడి జారాలి. వెనక వెడల్పు పెరిగితే ఆ చక్రం నేలను గట్టిగా పట్టుకుని బండిని ముందుకే నెడుతుంది. నాలుగు చక్రాలకూ వేయకముందే వెనక మాత్రమే వేసి చూడటం వల్లే ఈ సంగతి ఇంత స్పష్టంగా తెలిసింది.

మూడో రోజు: ముందు కూడా

వెనక 38 తీసి 25 వేశాం, ఎడం 870. ముందు కూడా 25 వేశాం, 910. ముందు వెనక కన్నా 40 మి.మీ. ఎక్కువ. ఇప్పుడు హ్యాండిల్ చెప్పిన వైపుకే బండి తిరుగుతోంది, వాలు మీద ఒరుగుడూ తగ్గింది.

ఎంత తగ్గిందో లెక్క ఉంది. బండి, మనిషి కలిపి బరువు కేంద్రం 600 మి.మీ. ఎత్తులో ఉందనుకుందాం. సగటు ఎడంలో సగాన్ని ఆ ఎత్తుతో భాగించాలి. ఆ అంకె ఎంత పెద్దదైతే బండి ఒరగడం అంత కష్టం. 840కి 0.70, 890కి 0.74. లాభం ఆరు శాతమే. వాలు మీద నడిపేవారు పైవైపుకు ఒరిగి కూర్చోవడం దీనికి తోడు కావాలి, స్పేసరు దానికి బదులు కాదు.

ఇందులో నష్టమూ ఉంది. చక్రం బయటికి జరిగిన కొద్దీ, స్టీరింగు తిరిగే ఇరుసుకూ టైరు మధ్యకూ దూరం పెరుగుతుంది. రాయి తగిలితే దెబ్బ నేరుగా హ్యాండిల్‌కు వస్తుంది, తిప్పడం బరువవుతుంది. ముందు 25 దాటడం మాకు ఇష్టం లేదు. అంతకన్నా కావాలంటే చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఏ-ఆర్ములను పొడవైనవిగా, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్లను వాటికి తగ్గవిగా మార్చడమే సరైన దారి.

బిగింపు

స్పేసరు హబ్బుకు సరిపోవాలంటే పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల వలయం వ్యాసం, తెలియాలి. నాలుగు రంధ్రాల హబ్బుకు ఎదురెదురు రంధ్రాల మధ్య దూరమే పీసీడీ. హబ్బు బోరు అడ్డొచ్చి అలా కొలవలేకపోతే, పక్కపక్క రంధ్రాల దూరాన్ని 1.414తో గుణించాలి. 77.8 మి.మీ. వస్తే పీసీడీ 110 మి.మీ.

లేత్ షాపులో చేయిస్తే 6061 టీ6 (గట్టి అల్యూమినియం మిశ్రమం) రౌండు కడ్డీ నుంచే తీయించాలి, పోత దిమ్మె వద్దు. రెండు ముఖాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో నాలుగు చోట్ల వెర్నియర్ పెట్టి చూడాలి. మధ్య బోరు హబ్బు మీద ఊగకుండా కూర్చోవాలి. స్పేసరు కన్నా హబ్బు స్టడ్లు పొడవైతే అవి పైకి పొడుచుకొచ్చి రిమ్మును ఆనుకోనివ్వవు. ఒకదానిపై ఒకటి రెండు స్పేసర్లు ఎప్పుడూ వేయకూడదు.

హబ్బు ముఖం మీద తుప్పు, రంగు, ఎర్రమట్టి పూర్తిగా గీకాలి. మధ్యలో ఉన్న పొడి నలిగిపోగానే నట్లు వదులవుతాయి. మొదటిసారి ఒక హబ్బు మీద రంగు పొర మిగిలిపోయింది. 10 కిలోమీటర్లకే ఆ చక్రానికి రెండు నట్లు వేలితో తిరిగాయి. రంగు గీకి, స్పేసరు నట్లకు నీలం లాక్‌టైట్ (నట్లు వదులవకుండా పట్టే జిగురు) వేసి, ఎదురెదురుగా ఈ బండి మాన్యువల్ చెప్పిన 45 న్యూటన్ మీటర్లకు బిగించాం. కోను నట్టు, చదును నట్టు కలగలపకూడదు, రిమ్ము రంధ్రం ఆకారమే ఏది వేయాలో చెబుతుంది.

టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందంచులు వెనకంచుల కన్నా ఎంత దగ్గరగా ఉన్నాయన్నది, స్పేసర్లు వేయకముందూ 5 మి.మీ., వేశాకా 5. స్పేసరు కోణాన్ని మార్చదు కాబట్టి మారకూడదు. మారితే స్పేసరు ముఖం వంకరగా ఉన్నట్టు, లేదా టై రాడ్ వంగినట్టు.

60 కిలోమీటర్లకు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాం. వెనక ఆట లేదు, నట్లు కదల్లేదు. ముందు కుడి బేరింగులో కొద్దిగా ఆట దొరికింది. అది స్పేసరు తెచ్చిందో, పాతదో తేలాలంటే కొత్త బేరింగు వేసి మరో 60 తిప్పాలి.