బెజ్జాల్లేని జల్లెడ

హాల్లో అడుగు పెట్టగానే ఎదురుగా నల్లగుడ్డ మీద ఇత్తడి జల్లెడ. అద్దంలా మెరుస్తోంది. అంచు చుట్టూ సన్నటి లతల చెక్కుడు, పక్కనే దాన్ని దాచుకోవడానికి మఖమల్ పెట్టె. దగ్గరికెళ్లి చూస్తే అడుగున ఒక్క బెజ్జం లేదు.

చేసింది మా మేనకోడలు. విశాఖలో డిజైన్ చదువుతోంది. "మావయ్యా, మా ప్రదర్శనకి రావాల్సిందే" అని మూడు రోజులు వరసగా ఫోను చేస్తే రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కి వచ్చాను.

ఆ జల్లెడ దగ్గర గంటసేపు నిలబడ్డాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఎంత?" ఒకాయన తన ఇంటి గోడకి బావుంటుందని అడ్వాన్సు ఇవ్వబోయాడు. అమ్మేది కాదండీ అంటే మరింత పట్టుబట్టాడు. హాలు ఊడ్చే ఆవిడ మాత్రం చీపురు పక్కన పెట్టి, వంగి చూసి, "ఇదేటమ్మా, బొక్కల్లేవు? రవ్వెలా దిగుతాది?" అంది. మా పిల్ల ఆవిడ చేతులు పట్టేసుకుంది. పొద్దుట్నుంచీ ఎవరైనా ఆ మాట అంటారని చూస్తోందట.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ ఇలా పనికిరాని వస్తువులు చేసే దారిలో ముందు నడిచినవాళ్ల సంగతి చెప్పింది. 1921లో మాన్ రే అనే అమెరికన్ కళాకారుడు ఇస్త్రీపెట్టె అడుగున మేకులు అతికించాడు. బట్ట మీద పెడితే చిరిగిపోతుంది. 1969లో ఫ్రాన్స్‌లో జాక్ కారెల్మాన్ అనే చిత్రకారుడు ఎక్కడా దొరకని వస్తువులకి ఏకంగా ఒక కేటలాగే వేశాడు. అక్కడ ఇంటింటికీ వెళ్లే పోస్టల్ అమ్మకాల కేటలాగుకి అది అచ్చంగా వెక్కిరింపు. అందులోని కాఫీ కూజాకి పిడీ కొమ్మూ ఒకేవైపు ఉంటాయి, వంచితే చెయ్యి కాలుతుంది. జపాన్‌లో కెంజి కవాకామి అయితే ఒకప్పుడు పోస్టల్ అమ్మకాల పత్రికకి ఎడిటరే. ఆయన మొదలుపెట్టిన చిందోగు అనే వింత పనిముట్లకి నియమాలున్నాయి: వస్తువు నిజంగా తయారుకావాలి, నిజంగా వాడుకోడానికి పనికిరాకూడదు, అమ్మకూడదు, పేటెంటు తీసుకోకూడదు. ఇద్దరికీ ప్రేరణ కేటలాగులే కావడం నన్ను పట్టేసింది. వస్తువుని ఫొటోలో చూపించి కోరిక పుట్టించే చోటే వాళ్లకి అనుమానమూ పుట్టింది.

వాటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నిజంగా అమ్ముడయ్యే వస్తువు. ఫిలిప్ స్టార్క్ అనే ఫ్రెంచి డిజైనరు 1990లో అలెస్సీ కంపెనీకి చేసిన నిమ్మకాయ పిండే పరికరం, మూడు పొడవాటి కాళ్లతో సాలీడులా ఉంటుంది. దానికి బంగారు పూత వేసిన రకం కూడా వచ్చింది. పులుపు తగిలితే పూత పాడవుతుంది కాబట్టి నిమ్మకాయ పిండొద్దని దాంతోపాటే కాగితం ఇచ్చారు. మా పిల్ల జల్లెడకి మఖమల్ పెట్టె ఎందుకు చేసిందో అప్పుడు అర్థమైంది.

మర్నాడు కురుసుర చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, బీచ్‌లో మ్యూజియమైన జలాంతర్గామి. 91 మీటర్ల పొడవు, లోపల ఒక మనిషి వెళ్తే ఇంకో మనిషి ఒత్తిగిలాలి. గుండ్రటి తలుపుల్లోంచి వంగి వెళ్తుంటే, "పనిలేని చక్రం ఒక్కటి చూపించు మావయ్యా" అంది. వెతికాను, దొరకలేదు. ఇప్పుడవన్నీ పనిలేనివే. ఇసక మీదికి వచ్చాకే మనకి వాటిని ఇంత దగ్గరగా చూసే వీలు కలిగింది.

ప్రదర్శనలో తనది ఇంకొకటి ఉంది, తిరగని బొంగరం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో బొమ్మలు చేస్తారు. అక్కడికి వెళ్లి, మొన దగ్గర బల్లపరుపుగా కోసెయ్యమని అడిగిందట. ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. ముందు తిరిగే బొంగరం ఒకటి చేసి, గచ్చు మీద తిప్పి చూపించి, అది ఆగేదాకా ఆగి, అప్పుడు రెండోది చేసిచ్చాడట. ప్రదర్శనలో మొదటి బొంగరం పెట్టలేదు. అది తన సంచిలో ఉంది.

తిరుగు రైలుకి ముందు పూర్ణా మార్కెట్‌కి వెళ్లాం. ఇంట్లో జల్లెడ అంచు ఊడింది, కొత్తది కావాలి. స్టీలు సామాన్ల కొట్టాయన ధర చెప్పలేదు. "దేనికి బాబూ? రవ్వకా, పిండికా?" అన్నాడు. పిండికన్నాను. నాలుగింట్లోంచి ఒకటి తీసి, వెలుతురు కేసి ఎత్తి, వల మీద గోటితో మీటాడు. "సూడండి, ఒక్క కన్నూ సాగలేదు."

మా పిల్ల అది అందుకుని తనూ వెలుతురుకి పట్టి చూసింది. ఎంతకీ దించలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇత్తడి జల్లెడ తెస్తే బెజ్జాలు కొట్టిస్తారా అండీ?"

"కొట్టిస్తానమ్మా. దేనికి?"

హాలు ఊడ్చే ఆవిడ గుర్తొచ్చినట్టుంది. నావైపు ఒకసారి చూసి, "రవ్వకి" అంది.